మా భగవంతం గారు

ప్రశ్న: వాల్తేరులో భౌతికశాస్త్రం చదివిన మా నాన్నగారు చివరి రోజుల వరకూ “మా భగవంతం గారు” అంటూ తలచుకునేవారు. ఆయన ఏమి బోధించేవారో చెప్పగలరా?

జవాబు: కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతం గారు, రామన్ ఫలితం (అణువులను తాకి చెదిరిన కాంతిలో కొంత రంగు మారడం) వెలువడిన 1928లోనే కలకత్తా వెళ్లి సి.వి.రామన్ వద్ద పరిశోధనలో చేరి, అక్కడ అబ్బిన విద్యను తరువాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు విద్యార్థులకు పంచిపెట్టారు. టి.వెంకటరాయుడు గారితో కలిసి ఆయన రాసిన గ్రూపు సిద్ధాంత (సౌష్ఠవాన్ని లెక్కకట్టే గణితం) గ్రంథం 1948లో వెలువడింది. అణువు ఆకృతిలోని సౌష్ఠవాన్ని బట్టి దాని వర్ణపటాన్ని, అంటే దాని నుంచి వచ్చే కాంతిని విడదీస్తే కనిపించే గీతల వరుసను, ముందే ఊహించడం అందులోని విద్య. పన్నెండు పరమాణువుల బెంజీన్‌కు 30 కంపన రీతులున్నా, రామన్ వర్ణపటంలో కనిపించదగిన మూల పౌనఃపున్యాలు (కంపనాల ప్రాథమిక వేగాలు, ఒక్కోదానికి ఒక్కో గీత) ఏడు మాత్రమేనని, ప్రయోగశాలలో దీపం వెలిగించకుండానే, కాగితం మీద తేల్చవచ్చు. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకత్వం, రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు పదవి ఆ తరువాతివి. నా మటుకు నాకు ఆ ఏడు గీతల లెక్కే ముచ్చటగా తోస్తుంది. మీ నాన్నగారి పాత నోటుపుస్తకాలు ఇంట్లో ఉంటే, ఒకట్లూ మైనస్ ఒకట్లూ వంటి చిన్న అంకెలు నింపిన పట్టికల కోసం వెతకండి. ఆ లెక్కకు ఆధారం అవే.