హార్మోనిక్ బ్యాలన్సర్ సగంలో ఆగిపోయిందా? సుత్తి పక్కన పెట్టండి

మీరు షెవర్లే 350 ఇంజిన్ మొత్తం విప్పి మళ్లీ కట్టారు. కొత్త హార్మోనిక్ బ్యాలన్సర్, అంటే క్రాంక్ షాఫ్ట్ ముందు కొసకు తొడిగే బరువైన చక్రం, సగం దాకా ఎక్కి ఆగిపోయింది. చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో కొట్టాలా, లేక క్రాంక్ బోల్ట్ బిగిస్తూ లోపలికి లాగాలా అని అడిగారు. రెండూ వద్దండి. రెండోది నేను చేసి చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ముందు ఒక మాట. అది అంత బిగుతుగా ఉండటం లోపం కాదు. బ్యాలన్సర్ మధ్య భాగాన్ని హబ్ అంటారు, దాని రంధ్రం క్రాంక్ కొస కన్నా అంగుళంలో వెయ్యో వంతు అటూ ఇటూగా చిన్నదిగానే చేస్తారు. సిలిండర్ మండిన ప్రతిసారీ క్రాంక్ షాఫ్ట్ కాస్త మెలితిరిగి మళ్లీ వెనక్కి వస్తుంది. ఆ అదురును అణచడానికే హబ్‌కీ బయటి బరువైన రింగుకీ మధ్య రబ్బరు ఉంటుంది. హబ్ క్రాంక్‌ని కరిచిపట్టుకుని ఉంటేనే ఆ పని జరుగుతుంది. షెవర్లే పాత 283 ఇంజిన్లలో చాలావాటికి క్రాంక్ కొసలో బోల్ట్ రంధ్రమే ఉండేది కాదు, బ్యాలన్సర్ ఆ బిగువు మీదే నిలబడేది. కాబట్టి తేలిగ్గా జారేదాకా హబ్ లోపల గీకించే ఆలోచన ఉంటే మానుకోండి.

నేను కట్టిన మొదటి ఇంజిన్ కూడా ఇదే రకం. బ్యాలన్సర్ సగంలో ఆగితే, చేతికి అందిన క్రాంక్ బోల్ట్‌కి నాలుగు వాషర్లు తొడిగి బిగించడం మొదలుపెట్టాను. బోల్ట్ లోపల మూడు నాలుగు థ్రెడ్లే పట్టుకుందని అప్పుడు ఆలోచించలేదు. హబ్ కదులుతోంది కదా అని సంతోషంగా తిప్పుతున్నాను. ఇంకో సెంటీమీటరు ఉందనగా రెంచ్ ఒక్కసారిగా తేలికైపోయింది. బోల్ట్ బయటికి లాగితే దాని కొసకు సన్నటి, మెరిసే ఇనుప తీగ స్ప్రింగులా చుట్టుకుని వచ్చింది. అది క్రాంక్ థ్రెడ్. కొత్తగా మెషినింగ్ చేయించిన క్రాంక్! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చివరికి పాడైన థ్రెడ్ తీసేసి ఇన్సర్ట్ (కొత్త థ్రెడ్ ఉన్న తొడుగు) వేయించి గట్టెక్కాను. ఆ రంధ్రం అవతలి వైపు మూసి ఉంటుంది కాబట్టి ఇనుప రజను ఇంజిన్ లోపలికి పోలేదు, అదొక్కటే అదృష్టం.

ఇక సుత్తి సంగతి. క్రాంక్‌ని ముందుకూ వెనక్కీ జరిగిపోకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ ఈ ఇంజిన్‌లో ఉండేది అన్నిటికన్నా వెనక, ఐదో మెయిన్ బేరింగ్ దగ్గర. మీరు ముందు కొట్టే ప్రతి దెబ్బా క్రాంక్ పొడవునా వెళ్లి ఆ మెత్తటి బేరింగ్ అంచుకే తగులుతుంది. దెబ్బ కాస్త పక్కకు జరిగి బయటి రింగు మీద పడితే రబ్బరు ఊడుతుంది. పైకి ఏమీ తెలియదు. కొన్నాళ్లకు రింగు జారి, దాని మీదుండే టైమింగ్ గుర్తులు (ప్లగ్ ఎప్పుడు మండుతోందో చూసుకునేవి) తప్పు చూపిస్తాయి.

కావాల్సింది బ్యాలన్సర్ ఎక్కించే టూల్. ఒక పొడవాటి థ్రెడ్లున్న కడ్డీ, దాని మీద పెద్ద నట్టు, నట్టు కింద చిన్న బేరింగ్, అంతే. కానీ ఇప్పుడు సగంలో ఉన్నదాన్ని అలాగే లాగకండి. హబ్ మీదుండే మూడు రంధ్రాల్లో బోల్టులు వేసి లాగే పుల్లర్‌తో ముందు దాన్ని బయటికి తీయండి. గోళ్ల పుల్లర్‌తో బయటి రింగు పట్టుకుని మాత్రం లాగొద్దు. తీశాక కీ (హబ్ క్రాంక్ మీద తిరిగిపోకుండా ఆపే చిన్న ఇనుప ముక్క) కూర్చునే గాడి అంచులు వేలితో తడమండి. చాలాసార్లు అడ్డుపడేది అక్కడ లేచిన చిన్న పొక్కే. నాది అదే. సన్నటి ఆకురాయితో రెండు రుద్దులు రుద్ది, ఎమెరీ పేపర్‌తో తుడిస్తే పోయింది. కీ సరిగ్గా కూర్చుందో లేదో కూడా చూడండి. కాస్త పైకి లేచి ఉన్నా హబ్ దాన్ని తోసుకుంటూ పోతుంది.

తర్వాత హబ్‌ని వేడినీళ్లలో కాసేపు ఉంచి, తడి లేకుండా తుడిచి పెడితే పని సగం తేలికవుతుంది. మంటతో మాత్రం వేడిచేయకండి, రబ్బరు పోతుంది. క్రాంక్ కొసకు పల్చగా ఇంజిన్ ఆయిల్, టైమింగ్ కవర్‌లో హబ్ చుట్టూ ఉండే ఆయిల్ సీల్ పెదవికి ఆయిల్ రాయండి. పాత హబ్బే వాడేవాళ్లు సీల్ ఆనే చోట గోరుతో గీసి చూసుకోవాలి. గోరు గాడిలో ఆగితే ఎంత కొత్త సీల్ వేసినా కారుతుంది, అక్కడ సన్నటి రిపేర్ స్లీవ్ తొడగాలి. హబ్ లోపలి కీ గాడిలో సిలికాన్ సీలెంట్ ఒక బొట్టు పెట్టండి. ఆయిల్ ఆ గాడి వెంబడే బయటికి వస్తుంది, అప్పుడు అందరూ సీల్‌ని అనుమానిస్తారు.

కడ్డీని చేత్తోనే క్రాంక్‌లోకి తిప్పండి, కనీసం బోల్ట్ మందమంత లోతు పట్టాలి. అసలు విషయమంతా ఇదే. కడ్డీని ఒక స్పానర్‌తో కదలకుండా పట్టుకుని, రెండోదానితో నట్టు తిప్పండి. మొదటి నుంచి చివరిదాకా ఒకే బరువు తెలుస్తుంది. హబ్ టైమింగ్ గేర్‌కి ఆనగానే నట్టు గోడకు తగిలినట్టు ఆగుతుంది. ఆ తేడా చేతికి స్పష్టంగా తెలుస్తుంది. మధ్యలో బరువు ఉన్నట్టుండి పెరిగితే మాత్రం ఆపి, విప్పి చూడండి. ఆనాక కడ్డీ తీసేసి, అసలు బోల్ట్‌ని దాని మందపాటి వాషర్‌తో వేసి 60 ఫుట్-పౌండ్లకు బిగించండి. 7/16 బోల్ట్‌కి అది చాలు.

మీరు కొన్నది 350దేనా అన్నది కూడా ఒకసారి చూసుకోండి. 400 ఇంజిన్ బ్యాలన్సర్‌లో ఒకవైపు అదనపు బరువు ఉంటుంది. అది 350కి ఎక్కుతుంది, కానీ బండి ఊగిపోతుంది. బ్యాలన్సర్ సైజు మారితే, టైమింగ్ గుర్తులు చూసుకోవడానికి టైమింగ్ కవర్ మీదుండే సూచిక కూడా మారాలి.

అయిపోయాక డయల్ గేజ్ పెట్టి క్రాంక్‌ని ముందుకూ వెనక్కీ నెట్టి చూడండి. అంగుళంలో వెయ్యో వంతులు 2 నుంచి 6 మధ్య ఆడాలి. ఇప్పటికే రెండు దెబ్బలు వేసి ఉంటే ఇది తప్పనిసరి. ఆ తర్వాత ఒకటో సిలిండర్ ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ (పిస్టన్ పూర్తిగా పైకి రాకుండా ఆపేది) పెట్టి, క్రాంక్‌ని చేత్తో అటు తిప్పి తగిలిన చోట సూచికకు ఎదురుగా బ్యాలన్సర్ మీద ఒక గీత, ఇటు తిప్పి తగిలిన చోట ఒక గీత పెట్టండి. రెండిటి మధ్య సరిగ్గా సున్నా గుర్తు రావాలి. రాకపోతే రెండు గీతలూ, సూచికా కనబడేలా ఒక ఫోటో పెట్టండి, చూసి చెప్తాను.