ఆ కంపుతో మొదలుపెట్టు

చిరంజీవికి, ఆశీస్సులు.

కకోడిల్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి వాక్యంలోనే "రెండు మిథైల్ సమూహాలు గల ఆర్సెనిక్ రాడికల్" అన్నావు. తప్పు కాదు, కానీ అక్కడే సగం మంది పాఠకులు లేచిపోతారు. కంపు అని అర్థమిచ్చే గ్రీకు మాట నుంచి స్వీడన్ రసాయనవేత్త బెర్జీలియస్ తీసిన పేరది. ఆ కంపుతోనే మొదలుపెట్టకూడదా? శంఖపాషాణాన్ని, అంటే తెల్లటి ఆర్సెనిక్ ఆక్సైడ్‌ను, పొటాషియం ఎసిటేట్‌తో కలిపి కాచి, ఆ ఆవిరిని చల్లబరిచిన ఫ్రెంచి రసాయనవేత్త కాడేకు దొరికింది గాలి తగిలితే పొగలు కక్కే ద్రవం. దాదాపు ఎనభై ఏళ్లకు, 1837 ప్రాంతంలో, జర్మన్ రసాయనవేత్త బున్సెన్ దాని వెంటపడ్డాడు. అవును, మన బడి ప్రయోగశాలల్లోని బర్నర్ బున్సెనే. ఆ వాసనకు కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కుతాయనీ, నాలుక మీద నల్లటి పొర కడుతుందనీ ఆయనే రాశాడు. నీ వ్యాసంలో ఆ నాలుక లేదు.

కకోడిల్ సయనైడ్ పేలి ఆయన కుడి కంటిచూపు పోవడానికి రెండు పేరాలు ఖర్చు పెట్టావు. ఒక్క వాక్యం చాలు. "త్యాగం" అన్న మాట కొట్టేశాను. దాని బదులు, పాషాణానికి ఐరన్ హైడ్రాక్సైడ్ విరుగుడని 1834లో వైద్యుడు బెర్తోల్డ్‌తో కలిసి చెప్పినవాడూ ఆయనేనని రాయి.

నువ్వు నిలబడవలసిన చోటు రాడికల్, అంటే విడిపోకుండా ఒక్కటిగా మెలిగే పరమాణువుల సమూహం. మన "క్ష"ను చూడు. రెండు హల్లుల కలయికే అయినా పక్షిలో, రక్షణలో, క్షమలో విడిపోకుండా ఒకే అక్షరంలా నడుస్తుంది. కకోడిల్ కూడా ఆక్సైడ్‌లో, క్లోరైడ్‌లో, సయనైడ్‌లో అలాగే చెక్కుచెదరక ఒక మూలకంలా మసలుతుందని బున్సెన్ చూపాడు. క్లోరైడ్‌ను జింకుతో కలిపి, ఆ సమూహాన్నే విడిగా పట్టుకున్నాననుకున్నాడు. నిజానికి చేతికి చిక్కింది జంట: ఆర్సెనిక్‌కు ఆర్సెనిక్ ముడిపడిన రెండు సమూహాల అణువు.

ఈ పొరపాటును నువ్వు చివర్లో, ఆయన పరువు కాపాడుతున్నట్టు, ఒక తోక వాక్యంలో దాచావు. ఎందుకా మొహమాటం? అదే ఆశతో ఇథైల్ అనే మరో రాడికల్‌ను విడదీయబోయిన ఆంగ్ల రసాయనవేత్త ఫ్రాంక్లండ్, జర్మనీలోని మార్బుర్గ్‌లో బున్సెన్ ప్రయోగశాలలోనే, 1849లో ఇథైల్ జింకు సమ్మేళనాన్ని తయారుచేశాడు. ఒక్కో మూలకం కలుపుకోగల పరమాణువులకు ఒక లెక్క ఉందని 1852లో చెప్పాడు. సంయోజకత అని మనం బడిలో చదువుకున్నది అక్కడిదే. నీ వ్యాసానికి వెన్నెముక ఆ పొరపాటే; దాన్ని మధ్యకు తీసుకురా.

మొదటి వాక్యంలోని ఆ ఫార్ములాను మూడో పేరాలోకి దించి మళ్లీ పంపు.