తాతగారి డైరీలు దానమా, అప్పగింతా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. మా తాతగారు పల్లిపాడు ఆశ్రమంలో పనిచేసిన స్వాతంత్ర్య సమరయోధులు. 1968లో కన్నుమూశారు. ఆయన డైరీలు, ఉత్తరాలు ఉన్న ట్రంకుపెట్టెను మా నాన్న 1994లో ఒక విశ్వవిద్యాలయం ఆర్కైవ్స్‌కు ఇచ్చారు. ఇప్పుడు నాన్నా లేరు. పెట్టె తిరిగిమ్మంటే ‘అవి మావి, పుస్తకంగా వేస్తున్నాం’ అంటున్నారు. ఇంటిల్లిపాదీ కుమిలిపోతున్నాం. తెలిసిన దస్తావేజు లేఖరి పాత స్టాంపు పేపరు మీద నాన్న పేరుతో ఒప్పందం తయారుచేస్తానంటున్నాడు. చేయించమంటారా?

జవాబు: తాతగారి త్యాగం గురించి ఎంతో రాశారు. కేసును తేల్చే సంగతి మాత్రం రాయలేదు. మీ నాన్నగారు ఆ పెట్టెను దానం చేశారా, భద్రపరచమని అప్పగించారా?

దానమైతే పెట్టె మీద ఆశ వదులుకోవాలి. ఇల్లూ పొలమూ దానమివ్వడానికి రిజిస్ట్రేషన్ కావాలి గానీ, ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం చరాస్తికి చేతికివ్వడం, వాళ్లు పుచ్చుకోవడం చాలు. భద్రపరచమని ఇచ్చినదైతే లిమిటేషన్ చట్టం 70వ ఆర్టికల్ మీకు అండ. దావా వేసే గడువు 1994 నుంచి కాదు, మీరు అడిగితే వాళ్లు కాదన్న రోజు నుంచి 3 ఏళ్లు. ఆ రోజు ఏదో, కాదన్నది ఎవరో, నోటిమాటో రాతో ఒక్కటీ రాయకుండా సలహా అడిగితే ఎలాగండీ? ఒకసారి స్పష్టంగా నిరాకరించాక మళ్లీ నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు కొత్తగా మొదలవదు.

ఆ లేఖరి గడప తొక్కకండి. స్టాంపు ఎప్పుడు, ఎవరికి అమ్మారో వెండరు రిజిస్టరులో ఉంటుంది. మీ నాన్నగారి అసలు ఉత్తరం విశ్వవిద్యాలయం ఫైలులోనే ఉండవచ్చు. అది బయటికొస్తే మీ కాగితం ఫోర్జరీ అవుతుంది. దావా పోవడమే కాదు, భారతీయ న్యాయ సంహిత కింద క్రిమినల్ కేసు మెడకు చుట్టుకుంటుంది.

పుస్తకం సంగతి వేరు. కాగితం ఎవరిదైనా అందులోని రచన మీద కాపీరైటు వారసులదే. రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప అది చేతులు మారదు. కాబట్టి డైరీలను అచ్చు వేయాలంటే మీ అందరి అనుమతి కావాలి, మేనత్తలుంటే వాళ్లదీ. తాతగారికి ఇతరులు రాసిన ఉత్తరాల మీద మాత్రం మీకు ఆ హక్కు లేదు, అది రాసినవారి వారసులది. ఆలస్యం చేయకండి. రచయిత పోయి 60 ఏళ్లు దాటితే, ప్రజలకు అందుబాటులో ఉన్న సంస్థల్లోని అచ్చుకాని రచనలను పరిశోధనకో ప్రచురణ కోసమో నకలు తీసుకోవడానికి కాపీరైటు చట్టమే వీలిస్తోంది. మీ లెక్కన ఆ గడువు 2028.

ముందు నాన్నగారి బీరువా, పాత ఫైళ్లు గాలించండి. 1994 నాటి రసీదో ఉత్తరమో దొరికితే అది 30 ఏళ్లు దాటిన పత్రం. ఉండవలసిన చోటు నుంచే వచ్చిందని తేలితే సంతకం నిజమైనదేనని కోర్టు భావించవచ్చు. విశ్వవిద్యాలయం ప్రభుత్వానిదైతే, 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. స్వీకరణ రిజిస్టరు పేజీ, పెట్టెలోని వస్తువుల జాబితా, నాన్నగారి లేఖ నకళ్లు అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. ఈలోపు అనుమతి లేకుండా డైరీలు అచ్చు వేయవద్దని వారసులందరి సంతకాలతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, రసీదు దాచుకోండి.

అప్పగింత అని తేలితే గడువులోపు సివిల్ దావా వేద్దాం. దానమని తేలితే ప్రతి పేజీకీ స్కాన్ కాపీ ఇస్తే, పుస్తకం మీద తాతగారి పేరు వేస్తేనే ప్రచురణకు అనుమతి అని రాతపూర్వక ఒప్పందం అడగండి. సముద్రపు గాలికి, చెదలకు ఇంట్లో ఆ కాగితాలు ఎన్నాళ్లు నిలుస్తాయో కూడా ఆలోచించండి.