ఎక్స్‌రే బాగుందన్నాక సీటీ స్కాన్ ఎందుకు?

మీ నాన్నగారి ఎక్స్‌రేలో ఏమీ లేదన్న డాక్టరే ఎంఫసీమా అనే ఊపిరితిత్తుల జబ్బు ఉందేమోనని సీటీ స్కాన్ రాయడం అనవసరపు ఖర్చేమోనని అడిగారు. నాలుగేళ్ల క్రితం నేనూ ఇదే అనుమానంతో మా నాన్నగారి స్కాన్‌ను మూడు నెలలు వాయిదా వేశాను. ఆ తప్పు మీరు చేయకండి.

ఎంఫసీమాలో ఊపిరితిత్తుల్లోని సన్నటి గాలి గదుల గోడలు శిథిలమై, చిన్న గదులన్నీ కలిసిపోయి పెద్ద ఖాళీలవుతాయి. ఎక్స్‌రేలో ఛాతీ మొత్తం ఒకే నీడగా పడుతుంది కనుక జబ్బు ముదిరితే తప్ప అవి తెలియవు. సీటీలో ఒక మిల్లీమీటరు మందపు పొరలుగా విడదీసి చూడవచ్చు. నలభై ఏళ్లు చుట్ట కాల్చిన మా నాన్నగారి ఊపిరితిత్తుల పై భాగాలు అందులో చెదలు తిన్న చెక్కలా కనిపించాయి. పొగాకు వల్ల వచ్చేది ఎక్కువగా పై భాగాల్లోనే ఉంటుందట. కింది భాగాల్లో ఎక్కువగా ఉంటే, ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రొటీను పుట్టుకతోనే తక్కువేమోనని రక్తపరీక్ష చేయిస్తారు.

కొన్ని రిపోర్టుల్లో −950 కన్నా తక్కువ ఉన్న భాగం ఇంత శాతం అని రాస్తారు. ఇది సీటీలో ఏ భాగం ఎంత చిక్కగా ఉందో చెప్పే హౌన్స్‌ఫీల్డ్ కొలత; అందులో నీరు 0, గాలి −1000. అంటే −950 దిగువన ఉన్న చోట దాదాపు గాలి తప్ప మరేమీ మిగలలేదన్నమాట. మా నాన్నగారికి అది 18 శాతం.

ఈ లెక్క సరిగ్గా రావాలంటే ఊపిరి నిండా పీల్చి బిగబట్టాలి. మొదటిసారి నాన్నగారు దగ్గు వచ్చి సగం ఊపిరితోనే ఆగిపోయారు. అలా తీస్తే ఊపిరితిత్తి చిక్కగా కనిపించి, జబ్బు ఉన్నదానికన్నా తక్కువగా తేలుతుంది. టెక్నీషియన్ ఓపికగా నీళ్లు తాగించి, రెండుసార్లు సాధన చేయించి మళ్లీ తీశారు. మీరు ముందే ఇంట్లో పది సెకన్లు బిగబట్టడం అలవాటు చేయించండి. ఎంఫసీమా చూడటానికి సాధారణంగా రంగు మందు ఇంజెక్షను అక్కర్లేదు.

సీటీ తీశారు కదా అని ఊదే పరీక్ష, అంటే స్పైరోమెట్రీ, మానకండి. ఊపిరి గొట్టాల్లో గాలి సరిగ్గా ఆడని దీర్ఘకాలిక జబ్బును సీఓపీడీ అంటారు, ఎంఫసీమా తరచు దానితోపాటే ఉంటుంది; సీఓపీడీని నిర్ధారించేది ఆ ఊదే పరీక్షే. ఊపిరి గొట్టాలను వదులుచేసే మందు పీల్చాక గట్టిగా ఊదినప్పుడు, మొత్తం గాలిలో మొదటి సెకనులో వచ్చేది 70 శాతం కన్నా తక్కువైతే గొట్టాలు బిగుసుకున్నట్టు లెక్క. ఆ పరీక్ష మామూలుగా ఉండి సీటీలో మాత్రం ఎంఫసీమా బయటపడేవారూ ఉన్నారు. ఏ భాగం ఎంత పాడైందో తెలియాలంటే మాత్రం సీటీ కావాలి. ముదిరిన జబ్బుకు ఊపిరి గొట్టాల్లో వాల్వులు పెట్టాలా, శస్త్రచికిత్స చేయాలా అని తేల్చేటప్పుడు డాక్టర్లు దాన్నే ముందు పెట్టుకుంటారు.

ఫిల్ములతో సరిపెట్టుకోక సీడీ కూడా అడిగి తీసుకోండి. మళ్లీ స్కాన్ అవసరమైతే వీలైనంతవరకు అదే యంత్రం మీద తీయించండి. యంత్రమో, బొమ్మ తయారుచేసే పద్ధతో మారితే ఆ శాతాలు పోల్చడానికి పనికిరావు.