కీమో తర్వాత 21 రోజులూ ఒకేలా ఉండవు

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. నా భార్యకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యింది. 21 రోజులకోసారి హైదరాబాద్‌లో కీమో ఎక్కిస్తున్నారు, రెండు అయ్యాయి. ఏం వండినా వాసన పడదంటుంది. నోరంతా పూసింది. ధైర్యంగా ఉండమంటే కసురుకుంటుంది, తర్వాత ఏడుస్తుంది. చుట్టాలు రోజూ చూసిపోతున్నారు. మా అమ్మ పసరు మందు తాపిద్దామంటోంది. నేనేం చేయాలి?

జవాబు: ముందు ఒక నోట్‌బుక్ పెట్టండి. కీమో ఎక్కిన రోజును ఒకటి అనుకుని, రోజుకో పేజీలో జ్వరం ఎంత, ఏం తిన్నది, వాంతులు, విరేచనాలు, నిద్ర రాయండి. ఒక సైకిల్, అంటే 21 రోజులు, గడిచేసరికి ఈ బాధలు ఏ రోజుకు వస్తున్నాయో, ఏ రోజుకు తగ్గుతున్నాయో మీకే తెలుస్తుంది. రెండో రోజు కావలసిన సాయం వేరు, పదో రోజుది వేరు.

కసురుకోవడం సంగతి. కీమోతో పాటు మొదటి రెండు మూడు రోజులు చాలామందికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. అది నిద్ర పట్టనివ్వదు, చిరాకు పెంచుతుంది. ఆపాక ఒళ్లు ఒక్కసారిగా కూలబడుతుంది, ఊరికే ఏడుపొస్తుంది. చీటీలో ఆ మాత్ర ఉంటే, పొద్దున్నే వేసుకోవచ్చా అని డాక్టర్‌ను అడగండి. అయితే కోపమంతా మందుదే కాదు. ‘ధైర్యంగా ఉండు’ అన్న ప్రతిసారీ, భయపడటానికి కూడా వీల్లేదా అని ఆమెకు అనిపిస్తుంది. ఆ మాట మానేయండి. ‘ఏం తింటావ్’ అని అడగడమూ మానేయండి, ఆలోచించి చెప్పే ఓపిక ఆమెకు ఉండదు. ‘గటక తాగుతవా, చారన్నం తింటవా?’ అంటే ఒక్క మాటలో చెప్తుంది. రెండూ వద్దంటే గంట ఆగి మళ్లీ అడగండి, బతిమాలకండి.

వికారం మొదటి అయిదు రోజులు ఎక్కువ. వాంతి వచ్చాక వేసే మాత్ర కన్నా, రాకముందే వేళకు వేసింది బాగా పనిచేస్తుంది. బాగుందని మధ్యలో ఆపొద్దు. వాంతులు ఆపే ఒండన్‌సెట్రాన్ మాత్రతో మలబద్ధకం రావచ్చు. రెండు రోజులు విరేచనం కాకపోతే ఫోన్ చేసి మందు అడగండి, ఎనిమా మాత్రం సొంతంగా వద్దు. చాలాసార్లు కడుపు తిప్పేది తిండి కాదు, తాలింపు వాసన. ఆమె వాకిట్లో ఉన్నప్పుడు వంట కానివ్వండి, అన్నం కూర చల్లారాక పెట్టండి. పళ్లెం నిండా పెడితే చూడగానే విసుగొస్తుంది. రెండు గంటలకోసారి చిన్న గిన్నెలో చాలు. నోరు ఇనుములా చేదుగా ఉందంటే స్టీల్ చెంచా బదులు ప్లాస్టిక్‌ది ఇవ్వండి. మెత్తటి మక్క గటక, పెసరపప్పు కట్టు, బాగా ఉడికిన గుడ్డు, కాచిన పాలతో ఇంట్లో తోడేసిన పెరుగు మంచివి. వారానికోసారి బరువు చూడండి. రెండు కిలోలు తగ్గితే డాక్టర్‌కు చెప్పాలి.

నోటి పూతకు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక టీ చెంచా ఉప్పు, ఒక టీ చెంచా వంట సోడా కలిపి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించి ఉమ్మేయమనండి. ఏ రోజుకారోజు కొత్తగా కలపాలి. మెత్తటి బ్రష్ వాడాలి. వేప పుల్ల చిగుళ్లను గీరుతుంది, కొన్నాళ్లు వద్దు. పచ్చి పులుసు కూడా ఇప్పుడు పనికిరాదు. కారం, పులుపు మండిస్తాయి, పచ్చి ఉల్లిగడ్డతో సూక్ష్మజీవులు కడుపులోకి చేరతాయి. బండి మీద కోసిపెట్టిన పండ్లు, చెరుకు రసం అంతకన్నా ప్రమాదం.

సుమారు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అసలు భయపడాల్సింది ఈ వారానికే. మిగతావి మరిచిపోయినా ఇది మరవకండి. డిజిటల్ థర్మామీటర్ కొనండి. 100.4 డిగ్రీలకు చేరినా, జ్వరం లేకుండా వణుకు పుట్టినా, అది రాత్రి రెండింటికైనా సరే, తెల్లారేదాకా ఆగొద్దు. పారాసిటమాల్ వేసి చూద్దామనుకోవద్దు, జ్వరం కనపడదు గానీ లోపల ఇన్‌ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది. ఊళ్లో ఆర్‌ఎంపీతో సూది వేయించడం మరీ తప్పు: రక్తం కారకుండా ఆపే ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు నడుముకు వేసిన సూదికి లోపల రక్తం కారి గడ్డలా చేరొచ్చు. ఆపరేషన్ అయిన వైపు చేతికి బీపీ పట్టీ, సూది, సెలైన్ ఏదీ పెట్టనివ్వకండి. హైదరాబాద్ దూరం కాబట్టి వరంగల్‌లో ఏ ఆసుపత్రికి వెళ్లాలో మీ డాక్టర్‌తో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. కీమో ఫైల్, ఆరోగ్యశ్రీ కాగితాలు ఒకే సంచిలో ఉంచండి. క్యాజువాలిటీలో అడుగు పెట్టగానే ‘కీమో ఎక్కి తొమ్మిది రోజులు, జ్వరం’ అనండి. ఆ మాట వింటే వాళ్లు వరుసలో కూర్చోబెట్టరు. నరం ద్వారా యాంటీబయాటిక్ గంటలోపు పడాలి. బండి లేకపోతే 108.

ఈ వారంలోనే చుట్టాలను ఆపాలి. ఆమెతో చెప్పించకండి, మీరే ముందుగా ఫోన్ చేసి ‘పదిహేనో రోజు తర్వాత రండి’ అనండి. వచ్చేవాళ్లకు దగ్గు, జలుబు ఉండొద్దు, చేతులు సబ్బుతో కడగాలి. ఎనుమాముల మార్కెట్లో మిర్చి దింపి వస్తే మీరూ స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే ఆమె దగ్గరికి వెళ్లండి.

కీమో ఎక్కాక 48 గంటలు మూత్రం, వాంతి, మలంలో మందు ఉంటుంది. శుభ్రం చేసేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, మరుగుదొడ్డిలో రెండుసార్లు నీళ్లు పోయండి, మురికైన బట్టలు విడిగా ఉతకండి. ఎర్ర రంగు కీమో మందు ఎక్కితే ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, అది రక్తం కాదు. క్యాన్సర్ అంటుకోదు, ఒకే మంచం మీద పడుకోవచ్చు. కలవాలనుకుంటే నిరోధ్ తప్పనిసరి.

పసరు మందు గురించి అమ్మతో గొడవ పెట్టుకోకండి. అందులో ఏముందో ఎవరికీ తెలియదు, కాలేయం మీద పడితే కీమో ఆపేయాల్సి వస్తుంది, డాక్టర్ ఒప్పుకుంటే చూద్దాం అనండి. అమ్మకు ఏదో ఒకటి చేయాలని ఉంది. ఉప్పు సోడా నీళ్లు రోజూ కలిపే పని అప్పగించండి.

ఏడుపు రెండు వారాలు దాటినా, బతకాలని లేదన్నా మందు ప్రభావమని వదిలేయకండి. క్యాన్సర్ డాక్టర్‌కు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేసి ఉచితంగా తెలుగులోనే మాట్లాడొచ్చు, మీ కోసం మీరూ చేయొచ్చు.

మూడో కీమోకు వెళ్లినప్పుడు సీసా తగిలించకముందే ఆ నోట్‌బుక్ డాక్టర్‌కు చూపించండి. వాంతుల మందు మార్చాలన్నా, తెల్ల రక్తకణాలు పెంచే సూది ఇవ్వాలన్నా, మోతాదు తగ్గించాలన్నా అప్పుడే నిర్ణయిస్తారు.