12 అడుగుల తారు: కొత్తగా బండి కొన్న మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు సరుకులు వేసే బొలెరో బండి కొన్నావనీ, రోజూ తెల్లవారుజామున కూరగాయలు వేసుకుని చీపురుపల్లికీ విజయనగరానికీ తిరుగుతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషించాను. మీ అమ్మాయి తొమ్మిదో తరగతికి వచ్చిందనీ, హైస్కూలుకు సైకిలు మీదనే వెళ్లి వస్తోందనీ కూడా ఆ మాటల్లోనే చెప్పింది. రెండు సంగతులూ ఒకేసారి చెవిన పడేసరికి ఈ ఉత్తరం రాయాలనిపించింది. నువ్వు సరుకు దించి ఖాళీ బండితో ఊరికి తిరిగివచ్చే వేళకే అది పుస్తకాల సంచీ తగిలించుకుని బయలుదేరుతుంది కదా. ఆ రోడ్డు మీద నేను 12 ఏళ్లు సైకిలు తొక్కాను, తరువాత 27 ఏళ్లు ఆ చుట్టుపక్కల రోడ్ల మీదే బస్సు నడిపాను. సైకిలు తొక్కినన్నాళ్లూ బస్సు వాళ్లను తిట్టుకున్నాను, బస్సెక్కిన తరువాత సైకిళ్ల వాళ్లను తిట్టుకున్నాను. ఇరుపక్కలా తిట్టినవాడిని కాబట్టి ఒకే రోడ్డును బండీ సైకిలూ పంచుకునే విషయంలో నాలుగు మాటలు చెప్పే అర్హత నాకు ఉందనుకుంటున్నాను.

ముందు రోడ్డు కొలత చూద్దాం. మన ఊరి నుంచి మెయిన్ రోడ్డు దాకా ఉన్నది ఒంటి వరస తారు రోడ్డు. అలాంటి రోడ్డును మూడు ముప్పావు మీటర్ల వెడల్పుతో, అంటే సుమారు 12 అడుగులకు వేస్తారు. నీ బండి వెడల్పు అయిదున్నర అడుగులకు పైమాటే. సైకిలు తొక్కే మనిషి తారు అంచుకు రెండడుగులు లోపలగా నడిపితే, హ్యాండిల్‌తో కలుపుకుని మూడడుగుల రోడ్డు అతనికి పోతుంది. నువ్వు కుడి అంచుకు పూర్తిగా జరిగితే తప్ప మీ ఇద్దరి మధ్య మూడడుగుల జాగా మిగలదు. నా బస్సు ఎనిమిది అడుగుల పైన ఉండేది కాబట్టి నాకు ఆ లెక్క కుదిరేదే కాదు. ఎవరో ఒకరు తారు దిగాలి, లేదా ఎవరో ఒకరు ఆగాలి. పల్లె రోడ్డు మీద మర్యాద ఎంత చెప్పుకున్నా చివరకు ఈ ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తుంది.

డ్రైవరు సీటులో కూర్చున్నవాడికి సైకిలు దిగడం చాలా తేలిక పనిలా కనిపిస్తుంది. పక్కకు తప్పుకుంటే ఏం పోయిందని విసుక్కుంటాం. ఒకసారి నువ్వు బండి దిగి తారు అంచు దగ్గర నిలబడి చూడు. రెండు వానాకాలాలు గడిచేసరికి అంచు పక్కనున్న గ్రావెల్ కొట్టుకుపోయి తారుకూ మట్టికీ మధ్య జానెడు దిగుడు ఏర్పడుతుంది. ఆ అంచు కూడా తిన్నగా ఉండదు, ఎలుక కొరికిన రొట్టెలా ఉంటుంది. సైకిలు ముందు చక్రం ఆ దిగుడులోకి జారిందంటే మళ్లీ పైకి ఎక్కించడం ఎవరి తరమూ కాదు. టైరు అంచుకు రాసుకుంటూ పోయి హ్యాండిల్ తిరిగిపోతుంది, మనిషి కుడివైపుకు, అంటే తారు మీదకే, నీ చక్రాల ముందుకే పడతాడు. దిగమని హారన్ కొట్టినప్పుడు మనం అతన్ని ఏ పని చేయమంటున్నామో ఇది చూస్తే తెలుస్తుంది. అదే నువ్వు ఆగితే నీకు పోయేది ఎంత? 50 కిలోమీటర్ల వేగం నుంచి 15కు తగ్గి ఒక వంద మీటర్లు సైకిలు వెనకే నడిచావనుకో, మళ్లీ వేగం అందుకునేసరికి 20 సెకన్లు పోతాయి. చీపురుపల్లి చేరేలోపు అలాంటి సైకిళ్లు పది తగిలినా మూడు నిమిషాలకు కాస్త ఎక్కువ. వంకాయలు మూడు నిమిషాలలో వాడిపోవు.

ఇప్పుడు హారన్ గురించి నా తప్పు ఒకటి చెబుతాను. బస్సెక్కిన తొలి సంవత్సరాలలో ఒక సాయంత్రం గరివిడి దాటిన తరువాత ఒక పెద్దాయన పశువులకు పచ్చగడ్డి మోపు కట్టుకుని సైకిలు మీద పోతున్నాడు. మోపు హ్యాండిల్ కంటే వెడల్పుగా ఉంది, వెనక నుంచి చూస్తే మనిషి కనపడడు, గడ్డే నడిచి వెళ్తున్నట్టు ఉంటుంది. నేను అతని వెనక్కి చాలా దగ్గరగా వచ్చి ఒక్కసారి గట్టిగా హారన్ మోగించాను. అతను ఉలిక్కిపడి కుడి భుజం మీదుగా వెనక్కి చూశాడు. తల తిప్పడంతోనే హ్యాండిల్ కూడా అటే తిరిగింది. సైకిలు తిన్నగా నా బంపరు ముందుకు వచ్చింది. బ్రేకు పట్టింది కాబట్టి సరిపోయింది. గడ్డి రోడ్డంతా పరుచుకుంది, అతని మోకాలు చీరుకుపోయింది. నేను దిగి వెళ్లేసరికి ఆయన నన్ను తిట్టలేదు. "ఏటి బావూ, అంత దగ్గరకొచ్చి మోగిస్తే గుండె ఆగిపోదేటి? అల్లంత దూరం నుంచి ఒకపాలి కొడితే నానే దిగిపోదును కదా" అన్నాడు. కండక్టరూ నేనూ గడ్డి ఏరి మోపు కట్టి ఇచ్చాం. బస్సులో ఉన్నవాళ్లు ఆలస్యమవుతోందని గొణిగారు.

వెనక్కి చూస్తే సైకిలు కుడివైపుకు జరుగుతుందన్న సంగతి 12 ఏళ్లు తొక్కిన నాకు తెలియనిది కాదు, సీటు మారగానే మరిచిపోయాను. అందుచేత సైకిలు ఇంకా 50, 60 మీటర్ల దూరంలో ఉండగానే చిన్నగా రెండుసార్లు హారన్ కొట్టు. అప్పుడు అతనికి ఆలోచించుకోవడానికి అయిదారు సెకన్లు దొరుకుతాయి. విని ఎడమకు జరిగాడా, సరే. జరగలేదంటే వినపడలేదనో, జరగడానికి చోటు లేదనో అనుకోవాలే తప్ప పొగరనుకోకూడదు. దగ్గరికి వచ్చిన తరువాత మాత్రం హారన్ ముట్టుకోవద్దు. రకరకాల రాగాలు తీసే హారన్ పెట్టిస్తానని మీ తమ్ముడు అన్నాడట, అది చట్టప్రకారం నిషేధం, పైగా పల్లె రోడ్డు మీద గేదెలను కూడా బెదరగొడుతుంది.

సైకిలును దాటేటప్పుడు ఎంత ఎడం ఉంచాలని అడిగితే, నీ బండి తలుపు పూర్తిగా తెరిచినా సైకిలుకు తగలనంత అని చెబుతాను. గడ్డి మోపు, పాల క్యాన్లు, గ్యాస్ సిలిండరు, మిల్లుకు తీసుకెళ్లే ధాన్యం బస్తా ఉన్న సైకిలుకు ఇంకొంచెం ఎక్కువ ఇవ్వాలి. బరువున్న సైకిలు నెమ్మదిగా పోయేకొద్దీ ఊగుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు మరీ ఊగుతుంది. సైకిలును మాత్రమే కాక అతని ముందున్న రోడ్డును కూడా చూడడం అలవాటు చేసుకో. అతని ముందు గొయ్యి ఉంటే అతను నీవైపే జరుగుతాడు, చెయ్యి చూపించడు, వెనక్కి చూడడు. ఆ గొయ్యి అతని కంటే ముందు నీకు కనిపించాలి. గోతిలో నీళ్లు నిలిచి ఉంటే దాని మీదుగా వేగంగా పోవద్దు. తెల్ల చున్నీ మీద ఎర్రమట్టి నీళ్లు పడిన పిల్ల బడికి వెళ్లదు, ఇంటికి తిరిగివస్తుంది. నీ ఇంట్లోనూ అలాంటి పిల్ల ఉంది.

దాటిన వెంటనే ఎడమకు కోసుకురావడం ఆటోల వాళ్లకు ఉన్న పెద్ద దురలవాటు. చెయ్యెత్తిన మనిషి కనపడగానే సైకిలును దాటి, దాని ముందే ఎడమకు వచ్చి ఆపేస్తారు. నీకు ఎడమవైపు ఆపవలసిన పని ఉంటే సైకిలును దాటకు, దాని వెనకే ఉండి, అది వెళ్లిన తరువాత ఆపు. ఆపిన తరువాత తలుపు తీసేది నీవైపున మాత్రమే కాదని గుర్తుంచుకో, ఎడమ తలుపు తీసేవాడు సైకిళ్లు వచ్చే వైపున తీస్తాడు. నీ పక్కన కూర్చునే కుర్రాడికి అద్దంలో చూసి తీయడం నేర్పించు. నువ్వు మాత్రం నీ తలుపును ఎడమ చేత్తో తియ్యి. ఆ చెయ్యి అందాలంటే ఒళ్లు తిరగాలి, ఒళ్లు తిరిగితే వెనక నుంచి వచ్చేవాడు కంట పడతాడు.

నెల్లిమర్ల జూట్ మిల్లు షిఫ్టు విడిచే వేళకు అటు బస్సు తీసుకెళ్లిన రోజులు నాకు ఇంకా కళ్లకు కడుతున్నాయి. గేటు లోంచి సైకిళ్లు ఏటి వరదలా వచ్చేవి. మొదట్లో నేను ఆ వరదలోకి బస్సును తోసేవాడిని. తరువాత ఒక పాత డ్రైవరును చూసి, గేటుకు కాస్త ఇవతల ఆపి, ఇంజను కట్టేసి, రెండు మూడు నిమిషాలు కూర్చోవడం నేర్చుకున్నాను. ఆ తరువాత ఆ కార్మికులే నా బస్సు వస్తుంటే చేతులు చాపి ఒకరినొకరు ఎడమకు జరుపుకుని దారి ఇచ్చేవారు. దారి దొరికినప్పుడు నేనూ చెయ్యెత్తేవాడిని. ఒక్క చెయ్యెత్తడానికి ఎంత విలువ ఉందో నువ్వూ చూస్తావు. రేపు ఆ మనిషే ముందు ఖాళీ ఉందని, రమ్మని నీకు చెయ్యి ఊపుతాడు.

కోతల కాలం వచ్చిందంటే మన 12 అడుగుల రోడ్డు ఆరడుగులవుతుంది. ఒక పక్క ధాన్యం ఆరబోస్తారు, సంక్రాంతి దాటిన తరువాత ఉలవ కట్టె రోడ్డు మీద పరిచి మన చక్రాల చేత నూర్పించుకుంటారు. రైతును తప్పు పట్టడం నా వల్ల కాదు, అతనికి కళ్లం లేదు. కానీ ఆ కట్టె మీద నీ బండికి ఇబ్బంది లేకపోయినా సైకిలు చక్రం జారిపోతుంది, అందువల్ల సైకిలు మనిషి తప్పనిసరిగా మిగిలిన ఆరడుగుల్లోకే వస్తాడు. ఎదురుగా సైకిలు ఆ ఇరుకులోకి ముందే వచ్చి ఉంటే నువ్వు ఇవతలే ఆగాలి. ఇరుకు వంతెనల మీదా ఇదే పద్ధతి.

రాత్రి ప్రయాణం గురించి గట్టిగా చెప్పాలి. ఎదురు బండి లైట్లు నీ కళ్లలో పడిన క్షణంలో, ఆ రెండు వెలుగుల మధ్య నడుస్తున్న సైకిలు కనపడకుండా పోతుంది. 60 వేగంలో బండి సెకనుకు 17 మీటర్లు పోతుంది, చూసి, బ్రేకు వేసి, ఆగేసరికి మొత్తం 40 మీటర్ల దాకా అవుతుంది. అందుకని ఎదురు లైటు కనపడగానే నీ లైటు కిందికి దించడంతో (డిప్ చేయడంతో) పాటు కాలు కూడా యాక్సిలరేటరు మీద నుంచి తియ్యి. పాత డైనమో సైకిళ్లకు ఇంకో చిక్కు ఉంది: చక్రం తిరిగినంతసేపే దీపం వెలుగుతుంది, మనిషి భయపడి ఆగిన మరుక్షణం చీకటవుతుంది. పుష్య మాసపు మంచులో ఆ దీపం ఉన్నా లేనట్టే.

ఇక అమ్మాయికి చెప్పవలసినవి. బండ్లకు ఎదురుగా కుడివైపున తొక్కితే వచ్చేది కనపడుతుంది, భయం ఉండదు అని ఆ ఈడు పిల్లలు అనుకుంటారు. అది నడిచేవాళ్లకు సరైన మాటే, సైకిలుకు కాదు. 60 వేగంతో వచ్చే బండికి అదే దిక్కున 15 వేగంతో పోయే సైకిలు వంద మీటర్ల దూరంలో కనపడితే దానిని చేరడానికి 8 సెకన్లు పడుతుంది. సైకిలు ఎదురొస్తే 5 సెకన్లు కూడా ఉండవు, పైగా తప్పుకోవలసిన చోటు ఇద్దరికీ ఒక్కటే అవుతుంది. ఎడమవైపునే తొక్కమను, కానీ తారు అంచు పట్టుకుని కాదు, రెండడుగులు లోపలగా. స్నేహితురాళ్లు ముగ్గురు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ పోవడం నాకు తెలుసు, వద్దంటే వినరు. హారన్ వినపడితే కుడివైపున ఉన్న పిల్ల వెనక్కి తగ్గి వరసలోకి రావాలని వాళ్లలో వాళ్లు ముందుగా అనుకుంటే చాలు. ముగ్గురూ ఒకేసారి ముందుకు తొక్కితేనే ప్రమాదం. మెయిన్ రోడ్డు మీద కుడికి తిరగవలసిన చోట తొక్కుతూ తిరగవద్దు, ఎడమన ఆగి, దిగి, రెండు వైపులా చూసి నడిపించుకుంటూ దాటాలి. విజయనగరం నుంచి రాజాం మీదుగా పాలకొండ పోయే లారీలు ఆ మలుపులో వేగం తగ్గించవు. రాజాం 2022లో మన జిల్లాలో కలిసింది గానీ లారీల వేగం మాత్రం ఏ జిల్లాలోనూ కలవలేదు.

చట్టం మాట కూడా ఒకటి చెప్పనీ. 1989 నాటి రోడ్డు నియమాల బదులు 2017లో వచ్చిన డ్రైవింగ్ నిబంధనలు, పాదచారులు, సైకిలు తొక్కేవారు, పిల్లలు, వృద్ధుల విషయంలో డ్రైవరు ప్రత్యేక జాగ్రత్త తీసుకోవాలని చెబుతున్నాయి. పొరపాటున ఎవరికైనా తగిలితే ఆగి వైద్యం అందేలా చూడడం డ్రైవరు బాధ్యత. వేరొకరి బండి తగిలి పడిపోయిన మనిషి కనపడినా 108కి ఫోను చేసి అక్కడే నిలబడు. మంచి మనసుతో సాయం చేసినవారిని కేసులలో ఇరికించకుండా మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో రక్షణ కల్పించారు. జనం కొడతారన్న భయంతో పారిపోయిన డ్రైవర్లను నేను ఎరుగుదును. వాళ్లెవరూ ఆ తరువాత ఆ రోడ్డు మీద ప్రశాంతంగా బండి నడపలేకపోయారు.

ఈ ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి. వచ్చేటప్పుడు అమ్మాయి సైకిలును కూడా బండిలో వేసుకుని రా. వెనక బ్రేకు రబ్బర్లు అరిగిపోయాయని మీ అమ్మ చెప్పింది, కొత్తవి తెచ్చి ఉంచాను. వెనక మడ్‌గార్డుకు అంటించడానికి ఎర్ర రిఫ్లెక్టరు స్టిక్కరు కూడా తెచ్చాను. రెండు ముక్కలు మిగులుతాయి, అవి నీ బండి వెనక డాలా తలుపుకు అంటిద్దాం.

ఇట్లు
మీ మామయ్య