గ్రీసు మీద వ్యాసం రాస్తున్న తమ్ముడికి

విజయవాడ

చిరంజీవికి ఆశీస్సులు.

గుంటూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. యూరోపియన్ యూనియన్ పెట్టుబడిదారుల కూటమి అని మొదటి పేరాలోనే తేల్చేశావు. ఆ మాటతో నాకు పేచీ లేదు గానీ, తీర్పు ముందే చెప్పేస్తే విచారణ వినడానికి పాఠకుడు ఎందుకు కూర్చుంటాడు?

గ్రీసు 2001లో యూరోలో చేరింది. అంతకుముందు తన సరుకు బయట అమ్ముడుపోనప్పుడు తన సొంత కరెన్సీ డ్రాక్మా విలువ తగ్గించుకునే వీలుండేది. వడ్డీ రేటు ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యూరోపియన్ కేంద్ర బ్యాంకులో నిర్ణయమవుతూ, జర్మనీకీ తనకూ కరెన్సీ ఒక్కటే అయ్యాక, పోటీలో వెనకబడిన దేశానికి మిగిలేది జీతాలనూ పింఛన్లనూ కోసుకోవడమే. మన రాష్ట్రాలన్నిటికీ రూపాయి ఒక్కటే కదా అని పాఠకుడు తప్పక అడుగుతాడు. దానికి నీ వ్యాసంలో జవాబు లేదు. మనకు రాజ్యాంగం 280వ అధికరణం కింద ఆర్థిక సంఘం ఉంది, దాని సిఫారసుల మేరకు కేంద్ర పన్నుల్లో వాటా పేద రాష్ట్రాల వైపు కొంత మొగ్గుతో పంపకమవుతుంది. ఆ పంపకం మీద మనవాళ్ల ఫిర్యాదులు తక్కువేమీ కావు, అయినా పంపకమంటూ ఉంది. యూరోకు ఆ స్థాయి ఉమ్మడి ఖజానా లేదు. యూరోకు పునాది వేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందం ప్రభుత్వ లోటుకు జీడీపీలో 3 శాతం, అప్పుకు 60 శాతం అని గీతలు గీసింది గానీ నిరుద్యోగానికి ఏ గీతా గీయలేదు. 2013లో గ్రీసులో అది 27 శాతం దాటింది.

అప్పుల్లో కూరుకుపోయిన గ్రీసులో 2015 జులై 5 ప్రజాభిప్రాయ సేకరణలో సుమారు 61 శాతం మంది రుణదాతలు పెట్టిన కోతల షరతులను తిరస్కరించినా, వారం తిరగకుండానే వామపక్ష ప్రభుత్వమే తలొగ్గింది. దాన్ని ద్రోహమని ఒక్క వాక్యంలో దాటేశావు. అప్పటికి బ్యాంకులు మూతపడ్డాయనీ, ఏటీఎంలో రోజుకు 60 యూరోలే ఇస్తున్నారనీ, యూరోపియన్ కేంద్ర బ్యాంకు గ్రీకు బ్యాంకులకిచ్చే అత్యవసర నగదు పరిమితిని పెంచలేదనీ రాసి, ఆ తర్వాత ద్రోహమో కాదో వాదించు.

దేశాన్ని ఒకే ముద్దగా చూపించకు. పన్ను రాయితీలు అనుభవించే ఓడల యజమానులూ గ్రీకులే. ఈ సంగతి వదిలేస్తే నీ వ్యాసాన్ని వలసదారులను ద్వేషించే పార్టీ కూడా అచ్చు వేసుకోగలదు.

గ్రీసును మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటుకు అప్పుపడ్డ రైతుతో పోల్చావు, ఆ పోలిక తీసెయ్. అప్పు తీర్చిన రైతు మరో కమీషన్ ఏజెంటు దగ్గరికి వెళ్లగలడు. యూనియన్ నుంచి వైదొలగడానికి దాని ఒప్పందంలో 50వ అధికరణం ఉంది గానీ, యూరో నుంచి మాత్రమే బయటపడే పద్ధతి ఒప్పందాల్లో ఎక్కడా రాసి లేదు.